పెరుగన్నంలో ఎర్రచార

చిన్న కుక్క నోట్లో చిన్న గడ్డ కనబడింది. ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టలేదు. ఆ రోజులు ఎలా గడిచాయంటే...

మా అమ్మ రాత్రిపూట చిట్టికి పెరుగన్నం తనే కలుపుతుంది. మెతుకు చితికేలా పిసికి, ఉప్పు వేయకుండా, వేడి చల్లారాక పెడుతుంది. తొమ్మిదేళ్లుగా గిన్నె అద్దంలా నాకిపెట్టే కుక్క, మార్చి నెలలో ఒక రాత్రి సగం తిని వెనక్కి తగ్గింది. అమ్మ గిన్నె తీసి కడగబోతూ ఆగిపోయింది.

"ఏమే, ఇటు రా ఒకసారి."

తెల్లటి మెతుకుల మీద వెంట్రుకంత సన్నటి ఎర్రచార. గిన్నె అంచుకు కూడా కాస్త అంటుకుని ఉంది. అమ్మ చిట్టి తలను ఒళ్లో పెట్టుకుంది. నేను సెల్‌ఫోను లైటు వేసి కింది పెదవి దించాను. ముందు పళ్ల దగ్గర, ఎడమ పక్కన, శనగగింజంత కండ. గులాబీ రంగు. నున్నగా లేదు, మెంతికూర కట్ట మొదలులా కుచ్చుకుచ్చుగా ఉంది. రెండు పళ్ల సందులోంచి తోసుకొచ్చినట్టుంది. పక్కనున్న పన్ను కొంచెం ఒరిగింది. వేలు తగలగానే చిట్టి తల విదిలించుకుని, మళ్లీ వచ్చి నా మోచెయ్యి నాకింది.

చిట్టి మా పామేరియన్. మన ఊళ్లలో పామేరియన్ అని పిలుచుకునే ఈ తెల్లకుక్కలు నిజానికి చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లు. ఆరు కిలోల బరువు. ఎత్తుకుంటే బొచ్చే తప్ప మనిషి చేతికి బరువు తెలియదు. అంత చిన్న ప్రాణి నోట్లో శనగగింజంటే చిన్నదేమీ కాదు.

ఆ రాత్రి నేను చేసిన మొదటి పని, చాలామంది చేసేదే. ఫోనులో బొమ్మలు వెతికాను. ఒక్కో బొమ్మ చూడటం, లేచి వెళ్లి చిట్టి పెదవి ఎత్తి చూడటం. రెండున్నర దాకా అదే పని. ఎన్నోసారో మరి, చిట్టి నన్ను చూసి మంచం కిందకు వెళ్లిపోయింది. తొమ్మిదేళ్లలో అది నన్ను చూసి దాక్కోవడం అదే మొదటిసారి. నాకు ఏడుపు వచ్చింది.

నోరు లేని జీవం అంటాం. మాట లేదన్న అర్థంలోనే అంటాం కానీ, కుక్క విషయంలో ఆ మాట ఇంకోలా కూడా నిజం. దాని నోరు మనకు కనబడదు. తోక ఊపిందా, తిన్నదా, వాకింగ్‌కు వచ్చిందా అని చూస్తాం. నోరు తెరిచి చూసేవాళ్లు ఎంతమంది? పెద్ద కుక్కకు 42 పళ్లు. వెనక దవడల దగ్గర, నాలుక కింద, అంగిలి మీద ఏం జరుగుతోందో ఇంటివాళ్లకు తెలిసేసరికి నెలలు గడుస్తాయి. పైగా కుక్క నొప్పిని దాచుకుంటుంది. పంటి నొప్పికి తిండి పూర్తిగా మానేసే కుక్కలు తక్కువ. రెండో పక్క నమలడం నేర్చుకుంటుంది, లేదా మింగేస్తుంది. అందుకే చూడాల్సినవి చిన్న చిన్న గుర్తులే: ముద్ద నోట్లోంచి జారిపోవడం, ముందు కాలితో మూతి గీరుకోవడం, ఎన్నడూ లేని దుర్వాసన, ఒక పక్కనుంచే జొల్లు కారడం, బొమ్మను కొరకడానికి వెనకాడటం, ముక్కులో ఒక పక్క రక్తం. చిన్న జాతుల్లో చిగుళ్ల జబ్బు ఎటూ ఎక్కువ. చిన్న దవడలో అన్ని పళ్లూ ఇరుక్కుని మొలుస్తాయి, పాచి పేరుకుంటుంది. నోటి వాసన వస్తే "ముసలిదైపోయింది" అనుకుని వదిలేస్తాం. మేమూ జనవరి నుంచి అలాగే అనుకుంటున్నాం.

మర్నాడు ఇంటి దగ్గర క్లినిక్‌కు తీసుకెళ్లాం. అక్కడి డాక్టరు పెదవి ఎత్తి చూసి, చిగుళ్ల వాపన్నారు. వారం రోజులకు యాంటీబయాటిక్ రాశారు. వారం తర్వాత ఇంకో వారం. ఆ తర్వాత మందు మార్చి ఇంకో పది రోజులు. మాకూ ఆ మాటే కావాలనిపించింది, అందుకే గట్టిగా అడగలేదు. ఈలోగా శనగగింజ బఠాణీ అంత అయింది. ఒరిగిన పన్ను కదలడం మొదలైంది. ఆ మూడున్నర వారాల గురించి నాకు ఇప్పటికీ మనసులో ముల్లు గుచ్చుకున్నట్టే ఉంటుంది. ఎవరి చిన్న కుక్కకైనా నోట్లో కండ పెరిగితే వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. రెండు వారాల మందుకు తగ్గకపోతే మూడో వారం మందు కోసం ఎదురుచూడకండి. అదేమిటో తేల్చమని అడగండి.

పశువైద్య కళాశాల ఆసుపత్రిలో మమ్మల్ని చూసిన మేడమ్ గారు గడ్డను చూడకముందే దవడ కింద రెండు పక్కలా వేళ్లతో తడిమారు. అక్కడి గ్రంథులు గట్టిపడ్డాయేమోనని. తర్వాత స్కేలు పెట్టి కొలిచారు. 11 మిల్లీమీటర్లు. నేను "ఏమై ఉంటుందండీ?" అని అడిగితే ఆమె చెప్పిన మాట నా నోటుబుక్కులో మొదటి పేజీలో ఉంది. "కంటితో చూసి పేరు చెప్పేవాళ్లను నమ్మకండమ్మా. నన్ను కూడా. ముక్క తీసి చూడాలి."

ఒకే చోట ఎన్నో పేర్లు

కుక్క నోట్లో లేచిన కండలన్నీ క్యాన్సర్లు కావు. చాలావాటికి ఆ మాటతో సంబంధమే లేదు. ఆ సంగతి మొదటి రాత్రే ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో.

ఏడాది, రెండేళ్ల లోపు కుక్కలకు పెదవుల మీద, నాలుక మీద కాలీఫ్లవర్ పువ్వుల్లాంటి పులిపిర్లు వస్తాయి. ఒకటి కాదు, పదీ ఇరవై కూడా. వైరస్ వల్ల వచ్చేవి. కుక్కనుంచి కుక్కకు అంటుకుంటాయి, మనుషులకు అంటవు. ఒంట్లో రోగనిరోధక శక్తి వాటిని గుర్తుపట్టాక, ఎక్కువగా ఒకటి నుంచి మూడు నెలల్లో వాటంతటవే రాలిపోతాయి. చిగురు మొత్తం ఉబ్బి పళ్లను కప్పేయడం ఇంకో రకం. బాక్సర్ జాతిలో ఇది సహజంగానే ఎక్కువ. మూర్ఛకు ఇచ్చే ఫెనిటోయిన్, గుండెజబ్బు కుక్కలకు రక్తపోటు తగ్గించే ఆమ్లోడిపిన్, చర్మవ్యాధులకు వాడే సైక్లోస్పోరిన్ వల్ల కూడా చిగురు అలా పెరగొచ్చు. మందు మార్చితే చాలాసార్లు తగ్గుముఖం పడుతుంది. నాలుక కింద కప్ప గొంతులా మెత్తగా ఉబ్బితే అది లాలాజలం చేరిన తిత్తి కావచ్చు. కంటి కింద బుగ్గ వాస్తే ముందు అనుమానించాల్సింది పై దవడలోని పెద్ద పన్ను వేరు దగ్గర చీము. పగ్ లాంటి పొట్టి మూతి కుక్కల్లో బయటికి రాని పన్ను చుట్టూ నీటితిత్తి ఏర్పడి దవడ ఎముకను లోపల్లోపలే తినేస్తుంది. ఇదీ క్యాన్సర్ కాదు, కానీ ఎక్స్‌రే తీస్తే తప్ప తెలియదు.

మన దేశంలో మరీ తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. వీధినుంచి తెచ్చుకుని పెంచుకునే కుక్కల్లో, కలయిక ద్వారా అంటుకునే ఒక కణితి ఉంది. ఎక్కువగా జననాంగాల దగ్గర వస్తుంది. నాకడం, వాసన చూడటం వల్ల నోట్లోకీ ముక్కులోకీ పాకుతుంది. విచిత్రమేమిటంటే అది ఆ కుక్క ఒంట్లో పుట్టిన కణితి కాదు. వేల ఏళ్ల కిందట ఎక్కడో ఒక కుక్కలో పుట్టిన క్యాన్సర్ కణాలే ఒకదాన్నుంచి ఇంకోదానికి బతికిన కణాలుగా దాటుకుంటూ వస్తున్నాయి. కుక్క కణంలో 78 క్రోమోజోములుంటే ఈ కణంలో 60కి అటూ ఇటూగానే ఉంటాయి. చూడటానికి భయంకరంగా, రక్తం ఓడుతూ ఉంటుంది. కానీ విన్‌క్రిస్టిన్ అనే ఇంజెక్షన్ వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలు ఇస్తే చాలా కుక్కల్లో పూర్తిగా కరిగిపోతుంది. ఆ మందును మొదట తీసింది మన పెరళ్లలో పూసే బిళ్లగన్నేరు నుంచే. ఆకు నూరి కుక్కకు పెట్టాలని మాత్రం ఎవరూ అనుకోవద్దు, ఆ మొక్క విషం. కొలత తప్పితే ఇంజెక్షనూ ప్రమాదమే, డాక్టరు చేతిలోనే ఉండాలి.

భయపడాల్సినవీ ఉన్నాయి, దాచడం మంచిది కాదు. కుక్క నోటి క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది మెలనోమా. ముసలి కుక్కల్లో, చిన్న జాతుల్లో ఎక్కువ. గ్రంథులకూ ఊపిరితిత్తులకూ త్వరగా పాకుతుంది. ఆ తర్వాత పొలుసుల కణాల క్యాన్సర్, ఫైబ్రోసార్కోమా. మెలనోమా అంటే నల్లగా ఉంటుందని అందరూ అంటారు. కానీ దాదాపు మూడింట ఒక వంతు గడ్డల్లో నలుపే ఉండదు. గులాబీ రంగులోనే ఉంటాయి. అలాగని నోట్లో నల్లమచ్చ కనబడగానే గుండె జారిపోనక్కర్లేదు. స్పిట్జ్, పామేరియన్ లాంటి వాటి చిగుళ్ల మీద పుట్టుకతో వచ్చిన నల్లమచ్చలు మామూలే. చౌచౌ నాలుక మొత్తం నీలినలుపే. చదునుగా, ఏళ్ల తరబడి అలాగే ఉన్న మచ్చకూ, పైకి లేచి పెరుగుతున్న గడ్డకూ తేడా ఉంది.

కంటితో పేరు చెప్పకూడదని మేడమ్ గారు ఎందుకన్నారో ఇవన్నీ తెలిశాక నాకు అర్థమైంది.

పదకొండు రోజులు

కొద్దిసేపు మత్తిచ్చి, గడ్డలోంచి కందిగింజంత ముక్క తీసి ఫార్మలిన్ సీసాలో వేశారు. నోటి లోపలి నుంచే తీశారు. బయట పెదవి చర్మం గుండా తీస్తే, అది చెడ్డ కణితే అయితే కణాలు బాగున్న చోటికి చేరే ప్రమాదం ఉందట. ఆ సీసా నా అరచేతిలో పెట్టి, పాథాలజీ విభాగంలో ఇచ్చి రమ్మన్నారు. మెట్లు ఎక్కుతుంటే లోపల ముక్క మెల్లగా తిరుగుతోంది. రిపోర్టుకు వారం పది రోజులు పడుతుందన్నారు. పదకొండు రోజులు పట్టింది.

ఆ పదకొండు రోజులే కష్టం. ఆపరేషన్ రోజుకన్నా, ఆ తర్వాత వారంకన్నా ఎక్కువ కష్టం. ఇది నా ఒక్కదాని అనుభవమేమో అనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది. 2016లో లండన్ యూనివర్సిటీ కాలేజీ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ప్రచురించారు. 45 మంది చేత కంప్యూటర్ ఆట ఆడించారు. తెరమీద రాళ్లు కనబడతాయి. ఏ రాయి కింద పాముందో ఊహించి చెప్పాలి. పాము ఉంటే చేతికి నొప్పి పుట్టించే కరెంటు షాకు తగులుతుంది. చెమట, కంటిపాప వెడల్పు కొలుస్తూ పోతే తేలిందేమిటంటే, షాకు తప్పదని తెలిసినప్పటికన్నా, తగులుతుందో లేదో సగం సగం అన్నప్పుడే మనుషులు ఎక్కువ వణికిపోయారు. రాయి కింద ఏముందో తెలియకపోవడమే పెద్ద బాధ. మేం పదకొండు రోజులు ఆ రాయి ముందే కూర్చున్నాం.

ఇంకోటి కూడా చెప్పాలి. జబ్బు కుక్కను చూసుకునే మనిషి అలసట ఉత్తదని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అమెరికాలోని కెంట్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన మేరీ బెత్ స్పిట్జ్‌నాగెల్ బృందం 2017లో దీనిమీద పరిశోధన ప్రచురించింది. దీర్ఘకాలం జబ్బుతో ఉన్న పెంపుడు జంతువులను చూసుకునేవాళ్లలో ఒత్తిడి, కుంగుబాటు లక్షణాలు, ఆరోగ్యంగా ఉన్న జంతువుల యజమానులకన్నా ఎక్కువని అందులో తేలింది. ఆఫీసులో సెలవడిగితే "కుక్కకా?" అని అడుగుతారు. మా ఇంట్లోనే ఒక చుట్టం, మనుషులకే దిక్కులేదు అన్నారు. ఆ మాటకు జవాబు వెతకాల్సిన పని లేదు. ఇంట్లో ఒక ప్రాణికి బాగాలేదు, మనకు నిద్ర పట్టడం లేదు, అంతే.

మూడో రోజున అమ్మ ఒక పని చేసింది. నా ఫోనులోని బొమ్మలన్నీ తీసేయించింది. నేను గంటకోసారి పెదవి ఎత్తడం మాన్పించింది. "దానికి జబ్బుందని దానికి తెలీదు. నువ్వే రోజుకు పదిసార్లు గుర్తుచేస్తున్నావు" అంది. అప్పుడు ఇద్దరం కూర్చుని ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. నోరు చూసేది వారానికి ఒక్కసారి, ఆదివారం పొద్దున, స్నానం అయ్యాక. కిటికీ దగ్గర, ఒకే చోట, ఒకే వెలుతురులో. స్కేలు పక్కన పెట్టి ఫొటో. నోటుబుక్కులో ఒక లైను: తేదీ, మిల్లీమీటర్లు, రక్తం ఉందా లేదా, బరువు. మిగతా రోజుల్లో ఎంత తిన్నదో మాత్రమే రాయాలి. డాక్టరును అడగాలనుకున్న ప్రశ్న ఏ అర్ధరాత్రి తట్టినా ఆఖరి పేజీలో రాయాలి, అప్పటికప్పుడు వెతకకూడదు.

చేతికి పని దొరికాక మనసు కొంచెం నిలిచింది. భయం తగ్గలేదు. ఆదివారం దాకా ఆగడం మాత్రం నేర్చుకుంది. ఆఖరి పేజీలో పదమూడు ప్రశ్నలు చేరాయి. వాటిలో తొమ్మిదింటికి రిపోర్టు వచ్చాక అవసరమే లేకపోయింది.

ఆ రోజుల్లో చేయకూడనివి కూడా తెలిశాయి. పక్కింటావిడ పసుపు, లవంగ నూనె కలిపి రాయమన్నారు. మంచి మనసుతోనే చెప్పారు. కానీ పుండైన చోట లవంగ నూనె మంట పుట్టిస్తుంది, కుక్క దాన్ని మింగేస్తుంది కూడా. మనం వేసుకునే ఐబుప్రోఫెన్, పారాసిటమాల్ కుక్కకు సొంతంగా ఇవ్వకూడదు. చిన్న ఒంటికి అవి కడుపునూ కిడ్నీలనూ లివర్‌నూ దెబ్బతీస్తాయి. మన టూత్‌పేస్టుతో తోమకూడదు. కొన్నింటిలో ఉండే జైలిటాల్ అనే తీపి కుక్కకు విషం.

టాప్సీ కథ

కుక్క నోట్లోని కణితి గురించి దిగులుపడి పుస్తకమే రాసిన ఒక మనిషి ఉంది. నెపోలియన్ తమ్ముడి వంశంలో పుట్టిన మేరీ బోనపార్ట్. గ్రీసు రాజకుమారుణ్ణి పెళ్లాడింది, సిగ్మండ్ ఫ్రాయిడ్ దగ్గర శిష్యరికం చేసి మనోవిశ్లేషకురాలైంది. ఆమె కుక్క పేరు టాప్సీ, బంగారు రంగు చౌచౌ. దాని పెదవి కింద గడ్డ లేచింది. క్యాన్సరని తేలింది. పారిస్‌లో ఎక్స్‌రే చికిత్స చేయించింది. కుక్కకు రేడియేషన్ అంటే ఆ కాలంలో అరుదైన సంగతి. ఆ రోజుల్లో పడ్డ భయం, ఆశ, తోటలో గడ్డి మీద పడుకున్న టాప్సీని చూస్తూ వచ్చిన ఆలోచనలు, అన్నీ కలిపి 1937లో పుస్తకంగా తెచ్చింది. టాప్సీ కోలుకుంది.

నన్ను కదిలించింది ఆ తర్వాతి సంగతి. ఆ పుస్తకాన్ని జర్మన్‌లోకి అనువదించింది ఫ్రాయిడ్, ఆయన కూతురు అన్నా. 1923 నుంచి ఫ్రాయిడ్‌కు నోటి క్యాన్సర్. పై దవడలో, అంగిలి దగ్గర. అప్పటికే ఎన్నో ఆపరేషన్లయ్యాయి. మొత్తం మీద 30కి పైగా చేయించుకున్నాడు. అంగిలికి బదులు పెట్టిన కృత్రిమ పరికరం ఆయన నోట్లో రోజూ ఒరుసుకుపోయేది. మాట సరిగా వచ్చేది కాదు. నాజీలు వియన్నాను ఆక్రమించిన 1938లో, ఊరు వదిలిపోవడానికి అనుమతి కోసం ఎదురుచూస్తూ, 81 ఏళ్ల ఆ మనిషి ఒక కుక్క నోటి కణితి కథను వాక్యం వాక్యం తన భాషలోకి తెచ్చుకుంటూ కూర్చున్నాడు. తన నోరు మానలేదు, టాప్సీ నోరు మానింది. ఆ పని ఆయన ఎందుకు పెట్టుకున్నాడో నాకు బాగా అర్థమైందనిపిస్తుంది.

ఆయనకూ చౌచౌలంటే ప్రాణం. లండన్‌లో ఆఖరి రోజుల్లో దవడ కుళ్లి వాసన వస్తుంటే, ఆయన ఎంతో ఇష్టంగా పెంచుకున్న చౌచౌ దగ్గరికి రాలేక గది మూలకు వెళ్లిపోయేదట. 1939 సెప్టెంబరులో ఆయన పోయాడు. మనం కుక్క నోటి వాసనకు మొహం తిప్పుకున్నప్పుడల్లా నాకు ఆ గది గుర్తొస్తుంది. జనవరిలో చిట్టి నా మొహం నాకబోతే "ఛీ, వాసన" అని నెట్టేశాను. అది నోటుబుక్కులో రాయలేదు.

పేరు తెలిసిన రోజు

రిపోర్టులో ఉన్న పేరు పలకడానికి నోరు తిరగలేదు. అకాంతోమాటస్ అమెలోబ్లాస్టోమా. మేడమ్ గారు కాగితం వెనక బొమ్మ వేసి చెప్పారు. పన్ను తయారైనప్పటి కణాలు కొన్ని చిగుళ్లలో మిగిలిపోతాయి. అవే పెరిగి ఈ కణితి అవుతాయి. ఇది ఊపిరితిత్తులకు పోదు, గ్రంథులకు పోదు. ప్రాణం తీయదు. ఆ మాట వినగానే అమ్మ కుర్చీలో వెనక్కి వాలింది.

"అయితే" అని మేడమ్ గారు ఆగారు. ఇది ఎముకలోకి దిగుతుంది. పైపైన గీకేస్తే మళ్లీ వస్తుంది. గడ్డతో పాటు చుట్టూ దాదాపు ఒక సెంటీమీటరు మంచి భాగాన్ని, కింద ఎముకతో సహా తీసేయాలి. అలా శుభ్రంగా తీస్తే తిరిగి రావడం అరుదు. చిట్టి విషయంలో అంటే కింది దవడ ముందు భాగం, ముందు పళ్లు, ఎడమ కోరపన్ను పోతాయి.

మంచి వార్త విన్నాక కూడా గుండె అంత బరువుగా ఉండొచ్చని అప్పుడే తెలిసింది. దవడ కోయడం! దాని మొహం ఎలా ఉంటుంది, ఎలా తింటుంది, నీళ్లెలా తాగుతుంది? నా ఆఖరి పేజీలోని ప్రశ్నల్లో మిగిలిన నాలుగూ ఇవే. ఆమె ఓపికగా చెప్పారు. కుక్కలు అద్దం చూసుకోవు. దవడ ముందు భాగం పోయిన చిన్న కుక్కలు చాలావరకు ఒకటి రెండు రోజుల్లోనే మెత్తటి తిండి తినడం మొదలుపెడతాయి. నాలుక కొన ఒక పక్కకు జారి బయటికి కనబడుతుంది, ఎందుకంటే నాలుకను లోపల నిలిపేది కింది కోరలే. కొంచెం జొల్లు కారుతుంది. కింది పెదవి లోపలికి ముడుచుకున్నట్టు ఉంటుంది. మనం చూసి బాధపడతాం, అది పట్టించుకోదు.

మత్తు భయం ఇంకోటి. ముసలిది, చిన్నది, తట్టుకుంటుందా? బ్రిటన్‌లో వేల కుక్కల లెక్కలు తీసి 2008లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్కల్లో మత్తు వల్ల చనిపోయేవి 10,000కు 5. ఒంట్లో వేరే జబ్బున్నవాటిలో మాత్రం 100కు ఒకటికి పైనే. ఆ రెండు అంకెల మధ్య తేడాలోనే ముందు జాగ్రత్తంతా ఉంది. అందుకే రక్తపరీక్ష, కిడ్నీ, లివర్ లెక్కలు, ఛాతీ ఎక్స్‌రే, గుండె చప్పుడు వినడం. చిన్న జాతుల్లో వయసుతో గుండె కవాటం వదులవడం మామూలు. అది ముందే తెలిస్తే మందు మారుస్తారు. చిన్న ఒంట్లోంచి వేడి త్వరగా పోతుంది కాబట్టి ఆపరేషన్ బల్ల మీద వెచ్చగా ఉంచాలి. ఇవి చేస్తారా అని అడగడం డాక్టరును అనుమానించడం కాదు. మా మేడమ్ గారు నేను అడగకముందే ఈసీజీ కాగితం చూపించారు.

తెలుగు నేల మీద ఇలాంటి పరీక్షలు చేయించుకోవడానికి తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్, కోరుట్ల, ప్రొద్దుటూరు, గరివిడి, మామునూరు పశువైద్య కళాశాలలున్నాయి. గేదెలకూ మేకలకూ మాత్రమే అనుకుని చాలామంది కుక్కను అక్కడికి తీసుకెళ్లరు. ముందు కనుక్కుని వెళ్లడం మేలు.

ఆపరేషన్ రోజు మూడు గంటలు బయట వేపచెట్టు కింద కూర్చున్నాం. అమ్మ చేతిలో చిట్టి మెడపట్టీ. దాని గంటను మోగకుండా గుప్పిట్లో పట్టుకునే కూర్చుంది. కాంపౌండరు వచ్చి "లేచిందమ్మా" అని చెప్పేదాకా ఆ గుప్పిట విప్పలేదు.

మర్నాడు సాయంత్రం చిట్టి తిన్నది. ఉడికించిన కోడిమాంసాన్ని మిక్సీలో వేసి, గోలీకాయలంత ఉండలు చేసి, అమ్మ అరచేతిలో పెట్టి చూపించింది. మొదటి ఉండ జారిపోయింది. రెండోదీ జారిపోయింది. మూడోదాన్ని చిట్టి తల పక్కకు వంచి, నాలుకతో తోసుకుని, వెనక పళ్లకు అందించుకుంది. ఎవరూ నేర్పలేదు. మెడ చుట్టూ ప్లాస్టిక్ గరాటా రెండు వారాలు. కుట్లు వాటంతటవే కరిగేవి. గట్టి తిండి, బొమ్మలు, ఎముకలు నెల పైనే బంద్. తీసిన ముక్కను మళ్లీ పాథాలజీకి పంపారు. అంచుల్లో కణితి కణాలు లేవని వచ్చింది.

పేరు చెడ్డదైతే

అందరికీ ఇలాంటి రిపోర్టే రాదు. అదే వరండాలో మాకు పరిచయమైన గుంటూరు దంపతుల డాషుండ్‌కు మెలనోమా అని వచ్చింది. గ్రంథులకు పాకింది. అమెరికాలో ఈ జబ్బుకు డీఎన్‌ఏ టీకా ఉంది. అక్కడి ప్రభుత్వం 2007లో షరతులతో, 2010లో పూర్తిగా అనుమతించింది. రేడియేషన్ ఉంది. ఆపరేషన్‌తో కొంతకాలం సుఖంగా గడిపించవచ్చు. వాళ్లు గడ్డను తీయించి, నొప్పి మందులతో ఇంట్లోనే చూసుకున్నారు.

ఆ సారు ఒకరోజు ఫోనులో అడిగారు. "ఇంకా ఎన్నాళ్లు ఉంచుకోవాలో ఎలా తెలుస్తుందమ్మా?" అమెరికా పశువైద్యురాలు ఆలిస్ విల్లాలోబోస్ 2004లో ప్రతిపాదించిన ఒక పద్ధతిని మేడమ్ గారు వాళ్లకు కాగితం మీద రాసిచ్చారు. నొప్పి అదుపులో ఉందా, తింటోందా, నీళ్లు అందుతున్నాయా, శుభ్రంగా ఉంచగలుగుతున్నారా, సంతోషంగా ఉందా, తిరగగలుగుతోందా, చెడ్డ రోజులకన్నా మంచి రోజులు ఎక్కువున్నాయా. ఒక్కోదానికి 10 మార్కులు. మొత్తం 70లో 35 దాటితే, కొనసాగించవచ్చు. వాళ్లు రోజూ రాత్రి భార్యాభర్తలు విడివిడిగా మార్కులు వేసి, తర్వాత కలిపి చూసుకునేవారట. ఆమె ఎప్పుడూ రెండు మూడు ఎక్కువే వేసేదట. ఇద్దరి అంకె ఒకే రోజు 30కి పడిపోయినప్పుడు ఇద్దరూ ఏమీ మాట్లాడుకోకుండానే డాక్టరుకు ఫోను చేశారు. ఇంటికొచ్చి, దాని చాప మీదే, ఆవిడ ఒళ్లో ఉండగా ఇంజెక్షన్ ఇచ్చారు.

ఆ తర్వాత నేను పలకరించడానికి వెళ్తే ఆవిడ ఆ మార్కుల కాగితాలు చూపించింది. నలభై ఒక్క రాత్రులు. "అప్పుడే పంపేశామా, ఆలస్యం చేశామా అని రోజూ అనిపిస్తుంది. అప్పుడు ఇవి తీసి చూసుకుంటాను" అంది.

చిట్టికి ఆపరేషనై ఇప్పటికి ఏడు నెలలు. నాలుక కొన ఎడమ పక్కకు బయటికి ఉంటుంది, చలికాలం ఎండిపోతుందని అమ్మ కాస్త కొబ్బరినూనె తడి అద్దుతుంది. పెరుగన్నం తిన్నాక మూతి తుడవాలి. అందుకని అమ్మ పాత చీర చెంగులు కత్తిరించి చిన్న గుడ్డలు చేసి, వంటగది కిటికీ ఊచకు తగిలించింది. మెడకు పెట్టిన గరాటా ఇప్పుడు అటక మీదుంది.

ఆదివారం నోరు చూడటం మానలేదు. మొదటి ఏడాది మూడు నెలలకోసారి డాక్టరుకు చూపించాలి, మధ్యలో మేం చూడాలి. ఇవాళ పొద్దున కూడా స్నానమయ్యాక కిటికీ దగ్గర కూర్చోబెట్టాం. నేను పెదవి దించాను, అమ్మ లైటు పట్టుకుంది. చిగురు నున్నగా, గులాబీ రంగులో ఉంది. వెనక పన్ను దగ్గర కొంచెం పాచి కనబడింది. అమ్మ కళ్లజోడు పెట్టుకుని, తేదీ వేసి, "పాచి" అని రాసింది. చిట్టి నా చేతిలోంచి దూకి, గిన్నె దగ్గరకు వెళ్లి నిలబడింది.